సింగరేణి యజమానులకు బహిరంగ లేఖ: బొగ్గుకు పెట్టిన ఖర్చంతా లెక్కలో రాయండి

తెలంగాణ ప్రభుత్వ పెద్దలకు, కేంద్ర బొగ్గు శాఖ పెద్దలకు,

నమస్కారం. ఈ ఉత్తరం కొత్తగూడెం హెడ్డాఫీసుకు రాయొచ్చు, కానీ మీకే రాస్తున్నాను. ఎందుకంటే సింగరేణికి యజమానులు మీరిద్దరే. 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అక్కడితో అయిపోలేదు. గనుల్లో భద్రత చూసే డీజీఎంఎస్ కేంద్ర కార్మిక శాఖ కింద ఉంటుంది, పర్యావరణ అనుమతులు ఇచ్చేది కేంద్ర పర్యావరణ శాఖ, గాలీ నీళ్లూ పరీక్ష చేయాల్సిన పొల్యూషన్ కంట్రోల్ బోర్డు రాష్ట్రానిది, తవ్వి తీసిన బొగ్గులో ఎక్కువ భాగం కాల్చేది ఎన్టీపీసీ, జెన్‌కోల ప్లాంట్లు. తవ్వేదీ మీరే, కొనేదీ మీరే, తనిఖీ చేసేదీ మీరే. ఇన్ని అధికారాలు మీ చేతుల్లో ఉన్నా, బొగ్గు వల్ల మనుషులకు, నేలకు, నీళ్లకు ఎంత నష్టం జరుగుతోందో ఊరూరికీ విడివిడిగా, మామూలు మనిషికి అర్థమయ్యేలా రాసి జనం ముందు పెట్టిన లెక్క ఒక్కటీ లేదు. ఆ లెక్క అడగడానికే ఈ ఉత్తరం.

నేను గోదావరిఖనిలో పెరిగాను. మా నాన్న బాయి పని, అంటే బొగ్గు గనిలో పని చేసే మమ్మల్ని చదివించాడు. మా వాడలో పెళ్లి చేసినా, ఇల్లు కట్టినా, పిల్లల ఫీజు కట్టినా అది బొగ్గు పైసలతోనే. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు జాడ దొరికింది, 1889లో తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, రామగుండం, మణుగూరు, భూపాలపల్లి ఇవన్నీ ఆ బొగ్గు చుట్టూ పుట్టి పెరిగిన ఊళ్లే. కాబట్టి రేపు పొద్దున సింగరేణికి తాళం వేయమని నేను అడగను. అలా అడిగేవాళ్లకు ఇక్కడ ఎన్ని పొయ్యిలు దాని మీద వెలుగుతున్నాయో తెలియదు. కానీ అన్నం పెట్టిందన్న మాట ఎత్తి, ఆ అన్నం కోసం ఎవరేం పోగొట్టుకున్నారో అడగొద్దంటే మాత్రం ఒప్పుకోను.

ముందు మనుషుల సంగతి. అండర్‌గ్రౌండ్ బాయిలో దిగినవాళ్లకు తెలుసు, పై రాయిని కర్రతో తట్టి చూస్తారు. గట్టిగా ఖంగుమంటే ఫర్వాలేదు, డొల్లగా మోగితే వెనక్కి జరగాలి. పైకప్పును పట్టి ఉంచే రూఫ్ బోల్టులు వచ్చాయి, మెషీన్లు వచ్చాయి, ఇప్పటికీ ఆ తట్టి చూడటం పోలేదు. నాన్న ఇంటికొచ్చాక కూడా కొత్తగా ఎవరింటికైనా వెళ్తే తెలియకుండానే ఒకసారి స్లాబు వైపు చూసేవాడు. ఆ పైకప్పు ఎంత మందిని తీసుకుపోయిందో మీ రికార్డుల్లోనే ఉంది. 2003 మా ప్రాంతం మర్చిపోలేని సంవత్సరం. జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. నాలుగు నెలలకే అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. ఒకే ఏడాది, ఒకే పట్టణం. అది పాత కథ అనుకుందామంటే, 2021 నవంబరులో శ్రీరాంపూర్ ఎస్‌ఆర్‌పీ 3 గనిలో నలుగురు, 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు. అడ్రియాల అంటే సింగరేణిలో అన్నిటికన్నా ఆధునికమైన అండర్‌గ్రౌండ్ గని అని చెప్పుకున్నదే. అక్కడ చనిపోయినవాళ్లలో అధికారులూ ఉన్నారు. భద్రత చూడాల్సినవాళ్లే పోయిన చోట, తప్పంతా కింది కార్మికుడి అజాగ్రత్త మీదకు తోసే అలవాటు ఇకనైనా మానాలి.

ప్రతి ప్రమాదం తర్వాతా విచారణ జరుగుతుంది. డీజీఎంఎస్ వాళ్లు వస్తారు, వాంగ్మూలాలు తీసుకుంటారు, రిపోర్టు రాస్తారు. ఆ రిపోర్టు తెలుగులో కార్మికుడి చేతికి ఎప్పుడు వస్తుంది? చనిపోయినవాడి భార్యకు, తన భర్త ఏ పొరపాటు వల్ల పోయాడో, అది ఎవరి పొరపాటో, ఆ తర్వాత ఆ గనిలో ఏం మార్చారో ఎవరు చెప్తారు? ఇంగ్లీషులో ఎక్కడో ఫైల్లో ఉంటే అది ఆమెకు ఉన్నట్టు కాదు. కార్మికులు గనిలోకి దిగే మ్యాన్‌వే దగ్గర నోటీసు బోర్డు ఉంటుంది కదా, దాని మీద పేజీన్నర తెలుగులో రాసి పెట్టడానికి అయ్యే ఖర్చెంత?

ఇప్పుడు కాంట్రాక్టు కార్మికుల దగ్గరకు వద్దాం. నేను అసలు చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదహారు వేల మంది దాకా పని చేసేవాళ్లు, బొగ్గు ఏడాదికి రెండు కోట్ల టన్నుల లోపే వచ్చేది. 2023-24లో బొగ్గు ఏడు కోట్ల టన్నులు, పర్మనెంట్ కార్మికులు 40 వేల చిల్లర. మిగతా పని మాయమవలేదు. అది కాంట్రాక్టు పేరు మీద బయటి ఏజెన్సీలకు వెళ్లింది. భూమి పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుల్లో, బొగ్గు మీద కప్పి ఉండే ఓబీ మట్టి తీసే డంపర్లు తోలేది వాళ్లు, బ్లాస్టింగ్ హోల్స్‌లో పేలుడు మందు నింపేది వాళ్లు, బొగ్గును పగలగొట్టి లోడు చేసే సీహెచ్‌పీల దగ్గర బొగ్గు పొడిలో ఊడ్చేది వాళ్లు. ఆడవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. 2020 జూన్ 2న రామగుండం ఓసీపీ 1లో మందు నింపుతుండగా పేలుడు జరిగి నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. నలుగురూ కాంట్రాక్టు కార్మికులే. పర్మనెంట్ కార్మికుడు డ్యూటీలో పోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం వస్తుంది. కాంట్రాక్టు కార్మికుడు పోతే గేటు ముందు శవాన్ని పెట్టుకుని, యూనియన్ లీడర్లు వచ్చి, కాంట్రాక్టరుతో బేరం కుదిరేదాకా కూర్చోవాలి. ప్రాణానికి బేరం ఆడాల్సి రావడం కన్నా అవమానం ఇంకొకటి ఉండదు.

2024లో లాభాల్లో 33 శాతం వాటా ప్రకటించినప్పుడు మా ఊళ్లో అందరం సంతోషించాం. 796 కోట్లు, తలకు సగటున లక్షా తొంభై వేల చొప్పున వచ్చింది. మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకూ ఇచ్చారు, మంచిదే. ఎంత ఇచ్చారు? 5,000. ఒకే గని, ఒకే షిఫ్టు, ఒకే దుమ్ము. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు అమలవుతున్న హైపవర్ కమిటీ వేతనాలు మాకూ ఇవ్వండని 2022 సెప్టెంబరులో వాళ్లు రోజుల తరబడి సమ్మె చేశారు. వాళ్లు అడిగింది దానం కాదు, దేశంలో పక్క బొగ్గు గనుల్లో అదే పనికి ఇస్తున్న కూలి.

దుమ్ము అన్నాను కదా, దాని సంగతి కూడా చెప్పాలి. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోతే వచ్చే న్యూమోకోనియోసిస్‌కు మందు లేదు, వచ్చాక వెనక్కి పోదు. ఇంకో ఘోరం ఏమిటంటే, పనిలో ఉన్నన్నాళ్లూ బయటపడకుండా రిటైరయ్యాక బయటపడొచ్చు. మైన్స్ చట్టం కింద నోటిఫై చేసిన జబ్బుల్లో దీన్ని 1950ల్లోనే చేర్చారు. పనిలో ఉన్నవాళ్లకు కాలపరిమితి ప్రకారం పీఎంఈ అనే వైద్య పరీక్ష చేస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పని నుంచి దిగిపోయిన రోజుతో అది ఆగిపోతుంది. రిటైరైన పర్మనెంట్ కార్మికుడికి కనీసం మెడికల్ కార్డు ఉంటుంది. పదేళ్లు ఓబీ డంపర్ తోలి, కాంట్రాక్టు మారగానే ఇంటికి పోయిన పిల్లాడి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో ఎవరు చూస్తున్నారు? వాడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఆయాసానికి ఇంజెక్షన్ ఇస్తాడు, ఇంకొంచెం ముదిరితే కరీంనగర్లోనో వరంగల్లోనో టీబీ అని మందులు మొదలుపెడతారు. ఏం పని చేశావు అని అడిగే డాక్టరు అరుదు. అలా బొగ్గు వల్ల వచ్చిన జబ్బు బొగ్గు ఖాతాలో పడకుండానే మనిషి పోతాడు, మీ రికార్డులు మాత్రం శుభ్రంగా కనిపిస్తాయి. పెన్షన్ సంగతి ఎత్తితే ఇంకో ఉత్తరం అవుతుంది. 1998 నాటి బొగ్గు గనుల పెన్షన్ స్కీములో డీఏ లేదు, దిగిపోయిన రోజు ఎంత రాశారో ధరలు ఎంత పెరిగినా దాని మీదే బతకాలి. ఇన్‌హేలర్ ధర మాత్రం ఆగదు.

ఇక ఊళ్లు. 1970ల మధ్యలో మొదలైన ఓపెన్‌కాస్టులే ఇప్పుడు సింగరేణి బొగ్గులో చాలా భాగం ఇస్తున్నాయి. అండర్‌గ్రౌండులో మనుషులు తక్కువ చనిపోవాలనే ఓపెన్‌కాస్టుకు వచ్చామని కొందరు అధికారులు అంటారు, అందులో కొంత నిజం ఉంది, కాదనను. కానీ అప్పటిదాకా భూమి లోపల ఉన్న ప్రమాదం పైకొచ్చి ఊళ్ల మీద పడింది. టన్ను బొగ్గు కోసం అయిదారు క్యూబిక్ మీటర్ల మట్టీ రాయీ తవ్వి పక్కన పోయాలి. అది పొయ్యడానికి భూమి కావాలి, పగలగొట్టడానికి బ్లాస్టింగ్ కావాలి. మధ్యాహ్నం సైరన్ మోగగానే గని పక్క ఊళ్లలో ముసలమ్మలు బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చుంటారు, బాలింతలు పిల్లలను ఎత్తుకుని వస్తారు, అటకల మీది గిన్నెలు గలగలమంటాయి, ఆ తర్వాత కాసేపటికి పసుపుపచ్చ పొగ ఊరి మీదుగా పోతుంది. కిటికీ మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా బీట పడుతుంది. సంక్రాంతికి సున్నం వేసేటప్పుడు దాంట్లో సిమెంటు పూస్తారు, ఉగాది నాటికి మళ్లీ నోరు తెరుస్తుంది. సత్తుపల్లిలో జేవీఆర్ ఓపెన్‌కాస్టు చుట్టూ కాలనీల వాళ్లు ఈ పగుళ్ల మీద ఎన్ని ధర్నాలు చేశారో పేపర్లు చదివే ఎవరికైనా తెలుసు. ప్రతిసారీ వచ్చే జవాబు ఒకటే, కంపనాలు అనుమతించిన పరిమితిలోనే ఉన్నాయి అని. ఉండొచ్చు. అయితే ఆ రీడింగ్ ఎక్కడ పెట్టి తీశారు, ఏ ఇంటి ముందు, ఎన్ని గంటలకు, ఆ రోజు ఎంత మందు పేల్చారు, ఇవన్నీ రోజూ గ్రామ పంచాయతీ గోడ మీద రాస్తే గొడవే ఉండదు కదా. పరిమితి లోపలే ఉన్న అంకెను దాచిపెట్టుకోవడం దేనికి?

బావులు ఎండిపోవడం మీద కూడా ఇదే మాట. గని లోతుగా పోయేకొద్దీ నీళ్లు తోడాలి, తోడుతుంటే చుట్టుపక్కల బోర్లు అడుగంటుతాయి, ఇది ఇక్కడి రైతులందరికీ తెలిసిందే. ఆ తోడిన నీళ్లను కొన్ని చోట్ల చెరువులకు ఇస్తున్నారు, మంచి పని, ఇంకా ఇవ్వండి. అయితే పత్తి చేలో ఆకు మీద నల్లటి పొర ఎక్కిన రైతుకు, గింజ పట్టని మిరపకు నష్టం ఇచ్చే పద్ధతి ఏదీ లేదు. రాళ్ల వాన పడితే నష్టం రాసుకోవడానికి వ్యవసాయ శాఖ ఏఈవో వస్తాడు. బొగ్గు పొడి పడితే ఎవరూ రారు.

భూమి పోయినవాళ్లకు 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇస్తున్నామని మీరు చెప్తారు. బొగ్గు భూముల సేకరణకు 1957 చట్టం వేరే ఉన్నా, పరిహారం వరకు కొత్త చట్టం 2015 నుంచి వర్తిస్తుంది, అది మంచి మార్పే. కానీ ఆ పరిహారం పట్టా ఉన్న ఎకరాకు, కట్టిన ఇంటికి, నాటిన మామిడి చెట్టుకు. బొడ్రాయికి లేదు. పోచమ్మ గుడికి కొంత రాస్తారు గానీ, గుడి చుట్టూ ఉన్న చింతచెట్ల నీడకు, గొర్లు మేసిన బీడుకు, తునికాకు కోసిన అడవికి, చెరువులో చేపకు ఏమీ లేదు. మణుగూరు, ఇల్లందు వైపు కోయ, నాయకపోడు కుటుంబాలు సగం బతికేదే వాటి మీద. పోడు భూమికి పట్టా రాకముందే గని వచ్చేస్తే ఆ కుటుంబం అసలు లెక్కలోకే రాదు. ఏజెన్సీ ప్రాంతంలో గ్రామసభలకు అధికారాలిచ్చే పీసా చట్టం 1996 నుంచి ఉంది, అటవీ హక్కుల చట్టం 2006 నుంచి ఉంది. గ్రామసభ అంటే సంతకాల పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం అని ఎవరైనా అనుకుంటే అది ఆ చట్టాల్లో రాసింది కాదు. పైగా ఉన్న గనిని 40 శాతం దాకా పెంచుకోవడానికి కొన్ని షరతులతో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2017లోనే కేంద్ర పర్యావరణ శాఖ సడలింపు ఇచ్చింది. అంటే మొదటిసారి అడిగిన గనికీ, చివరికి ఊరి గుమ్మం దాకా వచ్చిన గనికీ పోలికే ఉండకపోవచ్చు, ఊరివాళ్లను మాత్రం ఒకసారే అడుగుతారు.

తవ్వడం అయిపోయాక ఏమిటి అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. బెల్లంపల్లి వెళ్లి చూడండి. ఒకప్పుడు మూడు షిఫ్టుల సైరన్లతో నడిచిన పట్టణం, గనులు ఒక్కొక్కటే మూతబడ్డాక క్వార్టర్లు ఖాళీ, దుకాణాలు ఖాళీ, పిల్లలు హైదరాబాదులో. ఇల్లందుదీ అదే దారి. ఓపెన్‌కాస్టు మూతబడితే ఊరి పక్క మిగిలేది ఒక లోతైన గొయ్యి, దాని పక్కన ఓబీ గుట్టలు. గని మూసివేత మీద బొగ్గు శాఖ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షల చొప్పున అప్పటి ధరల్లో లెక్కగట్టి, ఆ పనికే వాడాల్సిన ఎస్క్రో ఖాతాలో ఏటా డబ్బు వేయాలి, మూసేటప్పుడు ఆ డబ్బుతో నేలను మళ్లీ పనికొచ్చేలా చేయాలి, పైపొర మట్టిని విడిగా దాచి మళ్లీ పైన పరచాలి. చాలా మంచి నిబంధన. అయితే ఏ గని ఖాతాలో ఎంత ఉంది, ఎంత వాడారు, ఏ ఊరి పక్క ఎన్ని ఎకరాలు తిరిగి రైతుకు పనికొచ్చే స్థితికి వచ్చింది అని ఆ ఊరి సర్పంచును అడగండి, ఆయనకు తెలిస్తే నేను ఈ ఉత్తరంలో ఈ పేరా తీసేస్తాను. ఓబీ గుట్టల మీద మొక్కలు పెంచుతున్నారు, కొన్ని చోట్ల బాగానే పెరిగాయి, ఆ పని చేసే నర్సరీ కార్మికుల కష్టాన్ని తక్కువ చేయను. కానీ వానకు జారే రాళ్ల గుట్ట మీద వరుసగా నాటిన వెదురు, సుబాబుల్‌ను అడవి లెక్కలో వేయకండి. ఇప్పచెట్టు, తునికి, నల్లమద్ది, వాటి కింద పుట్టగొడుగు, వాటి మీద తేనెపట్టు, ఇవన్నీ కలిస్తేనే ఇక్కడివాళ్లు అడవి అంటారు.

డబ్బు లేదని మాత్రం చెప్పకండి. 2015లో చట్టం సవరించి జిల్లా మినరల్ ఫౌండేషన్లు పెట్టారు. పాత లీజుల గనులు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ కాక, అందులో 30 శాతానికి సమానమైన మొత్తం దానికి కట్టాలి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్లకు తాగునీరు, వైద్యం, పర్యావరణం, చదువు, వీటికే ఎక్కువ భాగం ఖర్చు పెట్టాలని రూల్స్‌లోనే ఉంది. గని పక్క ఊళ్లో గుండె, ఊపిరితిత్తుల డాక్టరు వారానికి ఒక్కరోజైనా కూర్చునే ఆస్పత్రి లేకుండా, ఆ డబ్బుతో జిల్లా కేంద్రంలో రోడ్డు డివైడర్లు, హాళ్లు కడితే అది ఆ ఊళ్ల సొమ్మును వేరేచోట ఖర్చు పెట్టినట్టే. ఇంకోటి కూడా చెప్తాను, సింగరేణికి ప్రభుత్వ విద్యుత్ సంస్థలు ఇవ్వాల్సిన బకాయిలు వేల కోట్లు పేరుకుపోయాయి. బొగ్గు కొని డబ్బు ఇవ్వనివాళ్లు మీవాళ్లే. అది సకాలంలో ఇస్తే కాంట్రాక్టు కార్మికుడి కూలి పెంచలేమని అనే అవసరం ఉండదు.

కరెంటు కావాలా వద్దా అని కొందరు అడుగుతారు. కావాలి. హైదరాబాదులో ఎండాకాలం ఏసీ వేసుకునే మా పిల్లలకూ కావాలి. అయితే ఆ కరెంటు బిల్లులో సత్తుపల్లి గోడ పగులు, మణుగూరు అడవి, గోదావరిఖని ఎక్స్‌రే లేవు. వాటి ఖరీదు కొందరు కట్టేస్తున్నారు కాబట్టే మిగతావాళ్లకు చౌకగా వస్తోంది. ఆ కట్టేవాళ్లలో చాలా మంది దళితులు, గిరిజనులు, బీసీలు, వలస వచ్చిన కూలీలు. వాళ్లకు మీతో మాట్లాడే దారి ధర్నా తప్ప ఇంకొకటి మిగల్లేదు.

అడిగేది ఇది. ప్రతి గనికీ ఏటా ఒక పత్రం తెలుగులో వేయండి, అందులో ఆ ఏడాది చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, వాళ్లు పర్మనెంటా కాంట్రాక్టా, కుటుంబానికి ఏం ఇచ్చారు అన్నది ఉండాలి. గనిలో ఒక ఏడాది పైన పని చేసిన ప్రతి మనిషికీ, కాంట్రాక్టు అయినా, పని మానేశాక కూడా బతికినంత కాలం ఊపిరితిత్తుల పరీక్ష ఉచితంగా చేయండి, న్యూమోకోనియోసిస్ కేసులు ఎన్ని తేలాయో చెప్పండి. బ్లాస్టింగ్ రీడింగులు, దుమ్ము రీడింగులు, బోరు నీటి మట్టం పంచాయతీ ఆఫీసులో అతికించండి, పగిలిన ఇళ్లను గని వాళ్లతో సంబంధం లేని ఇంజనీర్లతో చూపించండి. ఎస్క్రో ఖాతా, మినరల్ ఫౌండేషన్ ఖాతా ఊరివారీగా బయటపెట్టండి. హైపవర్ కమిటీ వేతనాలు కాంట్రాక్టు కార్మికులకు ఇవ్వండి, డ్యూటీలో పోయినవాడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వడంలో పర్మనెంట్, కాంట్రాక్టు తేడా తీసేయండి. రాబోయే పది పదిహేనేళ్లలో ఏ గని ఎప్పుడు మూస్తారు, అప్పుడు ఆ ఊళ్లో పిల్లలకు ఏం పని ఉంటుంది అన్నది ఇప్పుడే, వాళ్లను కూర్చోబెట్టుకుని రాయండి. బెల్లంపల్లికి ఎవరూ అలా రాయలేదు.

డిసెంబరు 23 సింగరేణి దినోత్సవం. ఏటా జెండా ఎగరేస్తారు, ఉత్పత్తి రికార్డులు చదువుతారు, ఉత్తమ కార్మికులకు శాలువాలు కప్పుతారు. ఈసారి ఆ స్టేజీ మీదే బొగ్గు టన్నుల అంకెతో పాటు నేను పైన అడిగిన అంకెలు కూడా చదవండి. ముందు వరసలో కాంట్రాక్టు కార్మికులకు, భూమి పోయిన ఊళ్లవాళ్లకు కుర్చీలు వేయండి, చదవడం అయ్యాక మైకు వాళ్లకు ఇవ్వండి.

ఇట్లు,
గోదావరిఖని నుంచి ఒక బొగ్గు కార్మికుడి కొడుకు